ఒక్క వాక్యం కోసం ఇటాలియన్

ముప్ఫై తొమ్మిదో ఏట నేను ఇటాలియన్ నేర్చుకున్నాను. అనకాపల్లిలో ఎవరికైనా ఈ మాట చెబితే ఎగాదిగా చూస్తారు. తుమ్మపాల నుంచి రోజూ ఆటోలో వచ్చి, సిస్టర్ల శిశుగృహంలో ఆయాగా పనిచేసే మనిషికి ఇటలీతో ఏం పని?

పని ఉంది. అంతకు చాలా ఏళ్ళ ముందు ఆ గృహంలో ఒక పాపను పధ్నాలుగు నెలలు పెంచాను. పెంచాను అనకూడదట, చూసుకున్నాను అనాలట. సరే, చూసుకున్నాను. వారం రోజుల పసిగుడ్డుగా వచ్చింది. నా కుడి చెవి తమ్మె పట్టుకుంటేగాని దానికి నిద్ర పట్టేది కాదు. గుచ్చుకుంటుందని దిద్దులు తీసేసి పనికి వచ్చేదాన్ని. తర్వాత ఇటలీ నుంచి భార్యాభర్తలు వచ్చి దత్తత తీసుకున్నారు. నవ్వుతూనే సాగనంపాను. ఆ తర్వాత ఏడాది దాకా దిద్దులు పెట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, ఒక జనవరిలో కబురొచ్చింది. ఆగస్టులో వాళ్ళు వస్తున్నారట. పదేళ్ళ పిల్ల తనని చూసుకున్న ఆయాని చూస్తానందట.

మా దగ్గర రోములో చదివొచ్చిన మలయాళీ సిస్టర్ ఒకావిడ ఉండేవారు. వెళ్ళి ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాను. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, ఉతికిన గుడ్డలు మడత పెడుతూ పాఠాలు. పాత క్యాలెండర్ కాగితాల వెనక ఆ మాటలు తెలుగులో రాసుకునేదాన్ని. సిస్టర్ చేతికి బెత్తం ఇవ్వకపోవడం దేవుడి దయ. మధ్యాహ్నం నేర్చుకున్నది సాయంత్రానికి మరిచిపోయేదాన్ని. ఆ వయసులో మొద్దు అనిపించుకోవాల్సి వస్తే నాకు చచ్చేంత ఉక్రోషం వచ్చేది.

ఇంట్లో పొయ్యి దగ్గర ఉల్లిపాయకీ నీళ్ళకీ పేర్లు వల్లిస్తుంటే, పంచదార ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వేవాడు.

"ఏటే, ఉల్లిపాయలకి కూడా దొరల బాసేనా? సదివేది అయిపోతే కూర దింపు, మాడిపోతంది."

"నువ్వూరుకో మావా. దానికి ఒక్క మాట సెప్పాల. ఒక్కటే."

ఆ ఒక్క మాట సిస్టర్ చేత రాయించుకున్నాను. 'నా చెవి పట్టుకుని నిద్రపోయేదానివి.' ఇటాలియన్లో అది పొడుగు వాక్యం. ఏడు నెలలు దాన్నే నమిలాను.

ఆగస్టులో వాళ్ళు వచ్చారు. తల్లిదండ్రులు సిస్టర్‌తో ఆఫీసు గదిలోకి వెళ్ళారు. పిల్లా నేనూ వరండాలో మిగిలాం. కత్తిరించిన జుట్టు, పళ్ళకి తీగ, మోకాలి మీద ప్లాస్టరు. చేతులు వెనక్కి కట్టుకుని నా మొహంలో ఏదో వెతుకుతోంది. నేను నోరు తెరిచాను. ఏడు నెలల చదువూ ఎటు పోయిందో, నోట్లోంచి వచ్చింది "ఆయ్ మాంజాతో?" తిన్నావా అని. గుమ్మంలోకి ఎవరొచ్చినా మనం ముందు అడిగేది అదేగా.

"సీ" అంది. తిన్నాను అని.

తర్వాత అది నన్ను ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ నెమ్మదిగా అడిగింది. 'రికోర్ది' అన్న ముక్క ఒక్కటే చెవిలో పడింది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. నవ్వి, తల ఊపాను. పిల్ల బూట్లకేసి చూసుకుంది. తల్లి బయటికి రాగానే వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుంది. మళ్ళీ నా దగ్గరికి రాలేదు. కారు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సిస్టర్ని అడిగాను, రికోర్ది అంటే ఏమిటని.

"గుర్తుండడం. 'నేను నీకు గుర్తున్నానా' అని అడిగి ఉంటుంది. నువ్వేం చెప్పావు?"

"తల ఊపేనండి."

"ఎలా ఊపావు?"

చూపించాను. ఇటు భుజం మీదికీ అటు భుజం మీదికీ వాల్చి ఆడించే మన ఊపు. కూరగాయల అబ్బికి సరే అన్నా, పెళ్ళికి తప్పకుండా వస్తామన్నా మనం ఊపేది అలాగేగా.

సిస్టర్ నా చేయి పట్టుకుని చెప్పారు. "అక్కడ తల అటూ ఇటూ ఆడిస్తే లేదు అనుకుంటారు."

పధ్నాలుగు నెలలు నా చెవి పట్టుకున్న పిల్లకి, అంత దూరం నుంచి వచ్చి అడిగితే, నువ్వు నాకు గుర్తులేవని చెప్పాను. నవ్వుతూ చెప్పాను.

జరిగిన పొరపాటు చెబుతూ సిస్టర్ దత్తత ఏజెన్సీకి ఉత్తరం రాశారు. చేరిందో లేదో ఎప్పటికీ తెలియలేదు. నేను చదువు మాత్రం మానలేదు. సిస్టర్ కేరళ వెళ్ళిపోయాక కూడా ఆ కాగితాలతోనే కుస్తీ పట్టాను. తల పైకీ కిందికీ ఊపడం అలవాటు చేసుకున్నాను. కూర బాగుందా అని మా ఆయన్ని అడిగితే ఆయన ఇప్పటికీ అటూ ఇటూ ఊపుతాడు. ఊపకు, నోటితో చెప్పమంటాను.

ఆ వాక్యం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అడిగిన పిల్ల వెళ్ళిపోయింది.