చిక్కటి సిరాతో నీటికుక్క

అక్క నాచారంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసేది. కిడ్నీలు పాడయ్యాక పని మానేసి, ఉప్పల్‌లో నా దగ్గరికి వచ్చేసింది. నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఇంట్లో మేమిద్దరమే.

డయాలసిస్ లేని శనివారాల్లో, ఒంట్లో బాగుంటే, నాతో మ్యూజియానికి వచ్చేది. అది ఒక కాలేజీలో, జంతుశాస్త్రం వాళ్లది. చచ్చిన జంతువుల తోళ్లలో గడ్డి కూరి అద్దాల బీరువాల్లో నిలబెట్టారు. బతికినవి కదలకుండా కూర్చోవు కదా, అందుకని నేను పాళీ, నల్లసిరా పట్టుకుని అక్కడికి వెళ్లేదాన్ని.

"సచ్చినయాటిని సూడనీకి గింత దూరమానే?" అంది అక్క మొదటిసారి. తర్వాత తనే తొందరపెట్టేది.

తనకు నీటికుక్క నచ్చింది. దాని ముందే కూర్చునేది. డాక్టరు అక్కకు రోజంతటికీ చిన్న సీసాడు నీళ్లే తాగమన్నాడు.

"దీనికి బతికినన్ని దినాలు నీళ్లకు తక్కువ లేకుండె," అంది ఒకసారి, అద్దం మీద చెయ్యి పెట్టి.

నీటికుక్క పొట్ట దగ్గర తోలు చినిగి, ఎవరో వేసిన కుట్లు వంకరగా కనబడేవి. నేను వాటిని వదిలేసి గీశాను. బొమ్మ చూసి అక్క ఒప్పుకోలేదు.

"కుట్లు ఏవే?"

"బొమ్మల మంచిగుండదక్కా."

"ఉన్నది ఉన్నట్టు గియ్యి. ఇది కుట్టినోనికి చెయ్యి తిరగలె. నేనైతే లోపలికెంచి కుడుదు."

ఆ కుట్లన్నీ గీశాను. అక్క పక్కనే కూర్చుని, ఎక్కడ దారం బిగిసిందో, ఎక్కడ వదులైందో వేలితో చూపించింది. చాలా రోజుల తర్వాత తన గొంతులో ఫ్యాక్టరీ నాటి హుషారు విన్నాను.

నీడల కోసం సిరాలో నీళ్లు కలుపుతాను. ఒకరోజు సీసాలోంచి గిన్నెలోకి నీళ్లు పోస్తూ తలెత్తితే, అక్క చూపు ఆ ధార మీదే ఉంది. నేను చూశానని తెలిసి నవ్వేసి, ముఖం తిప్పుకుంది. ఆ రోజు నుంచి నీళ్లు తీసుకెళ్లలేదు. నీడలు కూడా చిక్కటి సిరాతో, వెంట్రుక వెంట్రుకగా గీశాను.

"గింత నల్లగ జేసినవేందే?"

"గట్లనే మంచిగుంటదక్కా."



వానాకాలంలో ఒక పొద్దున ఊపిరాడటం లేదంది. ఆటోలో దవాఖానాకు బయలుదేరాం. ఉప్పల్ చౌరస్తా దాటకముందే నా భుజం మీద తల వాల్చింది. "అక్కా, జర ఓర్సుకో, వచ్చేసినం," అంటూనే ఉన్నాను. ఆటో ఆగాక, పోయిందని దవాఖానావాళ్లు చెప్పారు. మర్నాడు చర్చివాళ్లు వచ్చి పాటలు పాడారు. వానలోనే సమాధి చేశాం.

చలికాలం వచ్చేదాకా పాళీ ముట్టుకోలేదు. ఒక శనివారం ఇంట్లో ఉండలేక మ్యూజియానికి వెళ్లాను. తలుపు తీసే అటెండరు ఎప్పటిలాగే రెండు కుర్చీలు తెచ్చి వేశాడు.

"మీ అక్క రాలేదామ్మా?"

"ఇగ రాదన్నా."

ఆయన రెండో కుర్చీని తీయలేదు. భుజం మీది గుడ్డతో ముంగిస బీరువా అద్దం తుడిచి, మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. నేను ఆ ముంగిసను మొదలుపెట్టాను. చెవుల దాకా గీసేసరికి కాగితం కనబడలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ గీశాను.