షుగరుంటే రాదట

వీధి చివరి గదిలో మిషన్ కుట్టే టైలర్ మామయ్యకు కత్తెర ఎంత జోరుగా ఆడుతుందో, నోరూ అంతే. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. మందులు వేళకు వేసుకుంటాడు, తీపి మాత్రం దొంగచాటుగా తింటాడు.

ఈమధ్య చొక్కాకు చేతులు అతికించేలోపే రెండుసార్లు ఒంటేలుకని లేచి పెరట్లోకి పరుగెడుతున్నాడు. పక్కన కాజాలు కుడుతున్న అత్తయ్య చూసి చూసి విసిగిపోయింది.

"ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. మీ అన్నయ్యకూ ఇలాగే మొదలైంది."

ఆ అన్నయ్య ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు.

"పిచ్చిదానా! ఇది షుగరు వల్లే. అసలు షుగరున్నవాళ్లకు ఆ క్యాన్సర్ రాదట, టీవీలో పెద్ద డాక్టరే చెప్పాడు. అన్నయ్యకు షుగరు లేదు, పోయాడు. నాకుంది, బతికిపోయాను!"

కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ ఇదే పాట. విన్నది సగం, ధైర్యం మాత్రం నిండుగా! ఈ మొండిమనిషితో ఎవరు వేగుతారు?

అత్తయ్య వాదన పెట్టుకోలేదు. సూది పక్కన పెట్టేసింది. "మీరు ఆసుపత్రికి వెళ్లొచ్చేదాకా కాజా ముట్టను," అంది.

అసలే బడులు తెరిచే రోజులు. యూనిఫాం చొక్కాలు గుట్టలుగా పడున్నాయి. మామయ్య మిషన్ మీద రాజే గానీ చేతికాజా చచ్చినా రాదు. పంతం కొద్దీ ఒకటి కుట్టి చూశాడు. అందులోంచి బొత్తాం కాదు, బొత్తాం పెట్టేవాడి బొటనవేలే దూరిపోయేలా ఉంది. గుమ్మంలో పిల్లల తల్లులు గొడవకు దిగారు. దెబ్బకు దిగొచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ప్రొస్టేట్ గ్రంథిని వేలితో పరీక్షించి, రక్తపరీక్ష రాసింది. అందులో ఈ క్యాన్సర్ అనుమానాన్ని తెలిపే అంకె పెద్దగా ఏమీ లేదు. మామయ్య పొంగిపోయాడు.

"చూశావా? నేను చెప్పలా!"

"ఆగండి మాస్టారూ," అంది డాక్టరమ్మ. "షుగరున్నవాళ్లకు ఇది కాస్త తక్కువగా వస్తుందన్న మాట నిజమే. తక్కువంటే అసలు రాదని కాదు. పైగా షుగరుంటే ఈ అంకె కూడా తక్కువ చూపించొచ్చు, లోపలున్నది బయటపడదు. నా వేలికి గట్టిగా ఏదో తగిలింది. చిన్న ముక్క తీసి చూద్దాం."

తీసి చూశారు. క్యాన్సరే. ఇంకా గ్రంథి దాటి పోలేదనీ, ఆపరేషన్ చేయొచ్చనీ చెప్పింది డాక్టరమ్మ.

బయటికొచ్చి మామయ్య ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"భయమేస్తోందే," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు.

"మీకు ఇవాళే కదా మొదలైంది," అంటూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది అత్తయ్య. "నాకు మీ అన్నయ్య పోయిన రోజు నుంచీ ఉంది."