‘ఆయ్’ అనే పిల్లకు బడి

ఇది ఒక మహాసంగ్రామ గాథ. రెండు బళ్లు, ఒక నాయనమ్మ, మధ్యలో నేను. నిజానికి సంగ్రామమేమీ జరగలేదు. ఒక పాపకు ఒకటో తరగతి సీటు కావలసి వచ్చింది, అంతే.

కరోనా తర్వాత బళ్లు తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను రాజోలు మండలానికి రిసోర్స్ టీచరుగా వేశారు. వినికిడి, చూపు వంటి ఇబ్బందులున్న పిల్లల బడి చదువు చూసుకునే ఉద్యోగం. హోదాలో మండల విద్యాధికారి ఎంఈఓ గారికి కింద, నా కింద మోటార్ సైకిలు. ఇప్పుడు రిటైరయ్యానంటే ఇంట్లో నవ్వుతారు. కాంట్రాక్టు ముగిసింది. నాకు ముప్పై రెండేళ్లు.

నా జాబితాలో మొదటి పేరు షారోను. ఆరేళ్లు, రెండు చెవులకూ వినికిడి మెషీన్లు. వాళ్ల నాయనమ్మ కరుణమ్మ గారు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. సైగల భాషలో చెప్పే హాస్టలు బడి ఉంది, మంచిదే. కానీ మెషీన్లతో పాపకు చాలావరకు మాట అందుతోంది, పైగా ఇంటి నుంచి పంపడం ఎవరికీ ఇష్టం లేదు. కరుణమ్మ గారి మనసు అమలాపురంలోని ఒక ప్రైవేటు బడి మీద ఉంది. దానికి బస్సుంది, టై ఉంది.

మొదటి రోజు నేను పాపను “వినబడుతోందా అమ్మా?” అని అడిగాను. “ఆయ్ అండి” అంది. ఇటువైపు మర్యాదగా ‘అవునండి’ అనడం అది. రిజిస్టరులో ‘సూచనలు అర్థమవుతున్నాయి’ అని రాసి సంతకం పెట్టాను. శిక్షణలో ఫస్టు క్లాసు వచ్చిన వాణ్ణి.

ప్రైవేటు బడి ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు బాగా చదువుకుంటావా అన్నారు. ఆయ్. అల్లరి చేస్తావా అన్నారు. ఆయ్. ఆయన ఎంతో సంతోషించి, పిల్లకు ఏ ఇబ్బందీ లేదు, సీటు ఖాయమన్నారు. నాకు మాత్రం నా సంతకం గుర్తొచ్చింది.

వాళ్లింటికొచ్చాక రిజిస్టరు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పెదాలు చూసి పోల్చుకోకుండా పరీక్షించే పద్ధతి అది. మామూలు గొంతుతో అడిగాను: “షారోనూ, నువ్వు ఏనుగువా?”

“ఆయ్ అండి.”

కరుణమ్మ గారు కళ్లజోడు తీసేరు. “మర్యాద నేర్పడం తప్పంటారా మాస్టారూ?”

“తప్పు కాదండీ. చెవుడు దాని వెనకాల దాక్కుంటోంది.”

“నేనే నేర్పేనండి అది” అన్నారావిడ, కళ్లజోడు తుడుచుకుంటూ.

మర్నాడు ఊళ్లో ఉన్న మండల పరిషత్ బడికి వెళ్లాం. సత్యవతి టీచరు పాపను బల్ల మీది డస్టరు తెచ్చి కిటికీలో పెట్టమన్నారు. ఆయ్ అండి అని పాప అక్కడే నిలబడింది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేస్తారు. ఆవిడ ఇవ్వలేదు, ఇవ్వబోయిన పిల్లల్ని కూర్చోబెట్టారు.

“నేనేం చెప్పేనో నువ్వు చెప్పు.”

“ఆయ్ అండి.”

టీచరు వెలుతురు తన ముఖం మీద పడేలా జరిగి, పాప ఎదురుగా కింద కూర్చున్నారు. కోప్పడలేదు. కథల్లోనైతే ఇక్కడ గుడిగంటో చర్చి గంటో మోగుతుంది. మాకు పక్కతోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపించింది. పాప నాయనమ్మ వైపు చూసింది. ఆవిడ తల ఊపారు.

“వినబళ్లేదండి” అంది షారోను.

టీచరు మళ్లీ చెప్పారు. డస్టరు కిటికీలోకి చేరింది. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద విజయం అదే. అందులో నా పాత్ర నిలబడడం.

“ఈ బళ్లోనే పేరు రాయండి. టై నేను కుడతాను” అన్నారు కరుణమ్మ గారు.

ఏడాది తిరిగేసరికి షారోను తనిఖీకి వచ్చిన ఎంఈఓ గారి ఉపన్యాసాన్ని ఆపి, “వినబళ్లేదండి, మళ్లీ చెప్పండి” అంది. ఆయన మళ్లీ చెప్పారు. రెండోసారి ఉపన్యాసం సగానికి తగ్గింది. టీచర్లందరూ పాపను ఎంతో మెచ్చుకున్నారు.

నేను నేర్చుకున్నది ఇది. భవనం, బస్సు తర్వాత చూడవచ్చు. వినబడలేదని పిల్ల చెప్పగలిగే బడి అవునా కాదా అన్నది ముందు చూడాలి. వినబడిందా అని అడగకూడదు, ఏం వినబడిందని అడగాలి.

ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు కనుక, ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట: మెషీనుకు తగిలించి చెవిలో పెట్టే అచ్చును గోరువెచ్చని నీళ్లతో కడగవచ్చు. కడిగే ముందు మెషీను విడదీయాలి.