చీటి పట్టుకొని మెట్లెక్కిన చాచా

మందుల చాచా పోయిండని పోయిన వారం మాకు పాలు పోసే ఆమె చెప్పింది. "శామీర్‌పేట బస్టాండ్ కాడ మందుల షాపు ముసలాయన లేడా, గాయన. పొద్దుగాల నమాజుకు లేచిండంట, కూసున్నకాన్నే ఒరిగిపోయిండంట" అన్నది. నేను పాలగిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఆమె ఇంకో రెండిండ్ల ముచ్చట్లు సుత చెప్పింది గని నాకేం ఇనబడలే. ఆయన నాకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా ఇయ్యాల నేను నాలుగు ముద్దలు నిమ్మలంగ తింటున్ననంటే అది ఆయన పుణ్యమే. గా ముచ్చట ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే. చెప్పకపోవుడు నా తప్పు. ఇగ మీకు చెప్తున్న.

మాది మేడ్చల్. తొంభైల నడుమ నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చిన. భూములున్న ఇల్లు. మెయిన్ రోడ్డు మీద మా మామ కట్టిచ్చిన బిల్డింగు ఉండె. పైన మా పెద్దబావ దవాఖాన, కింద షట్టర్లు, పక్కనే మా ఇల్లు. మెట్ల పక్క షట్టరు చాచా మందుల షాపు. పైన బావ చీటి రాస్తడు, కింద చాచా మందులిస్తడు. ఎక్కడ చూసినా గట్లనే నడుస్తది కద. బావ హస్తవాసి మంచిదని సూరారం కంపెనీలల్ల పనిచేసేటోళ్లు సుత బస్సెక్కి వచ్చేది. బావ చెడ్డోడు కాదని ముందుగాలనే చెప్తున్న. మళ్ల ఇంటి మనిషి మీద రాసిందని నన్ను అనొద్దు.

మా ఇంట్ల ఒక రివాజు ఉండె. కోడండ్లు పెద్దబావ ముంగట నిలబడి మాట్లాడొద్దు. ఆయన వరండాల కూసుంటే మేము వంటింటి తలుపు ఎనక. ఏమన్న చెప్పేదుంటే అత్తమ్మకు చెప్పాలె, అత్తమ్మ ఆయనకు చెప్తది. కూరల ఉప్పు ముచ్చటైతే నడుస్తది. నా రోగం ముచ్చట సుత గట్లనే నడిచింది, అదే పరేషాన్.

చిన్నోడు పుట్టినంక నాకు ఛాతిల మంట మొదలైంది. తిన్నది గొంతులకు ఎగదన్నేది, పుల్లటి తేన్పులు. అత్తమ్మ పోయి చెప్తే బావ పరిగడుపున ఒక గోలి రాసిండు. పదిహేను రోజులకు అన్నం తినుకుంట "ఎట్లున్నదంట?" అని అడిగిండు. నేను తలుపు ఎనకనుంచి అత్తమ్మకు "నయమే ఉన్నది గని పిక్కలు గుంజుతున్నయి, తల తిరుగుతాంది" అన్న. అత్తమ్మ అటు తిరిగి "ఇంక తగ్గలేదంట బిడ్డా" అన్నది. అంతే! నేనక్కడ ఉండంగనే నా మాట ఇంకోటైంది.

ఆమెకు నా మీద కోపమేం లేదు. నయమైందంటే కొడుకు మళ్ల పట్టించుకోడని ఆమె రంది. ఎన్ని ఎక్కువ మందులు మింగిపిస్తే కోడలిని అంత మంచిగ సూసుకున్నట్టు ఆమె లెక్క. బావ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చేసిండు. మళ్ల అడిగిండు, మళ్ల "తగ్గలేదంట" పోయింది. పూటకు రెండు రెండైనయి. పైకెల్లి గులాబి రంగు సిరప్పు. రెండేండ్లు మింగిన. మా ఆయనకు చెప్తే "అన్నకంటె నీకెక్కువ ఎరుకనా?" అన్నడు. వేరే డాక్టర్ కాడికి పోదామంటే ఇంటి పరువు. డాక్టర్ సొంత మరదలే వేరేకాడికి పోయిందంట అని ఊరంత అనదా? పైంగ ఆయన మా దగ్గర పైస తీసుకోడు. పైస తీసుకోని డాక్టర్‌ను ఎదురు అడిగేదెట్ల?

ఒకసారి మొండికి పడి గోలీలు ఎవ్వరికి చెప్పకుండ బంద్ పెట్టిన. మూడో రోజుకు లోపల పొయ్యి రాజేసినట్టయింది. అంత మంట ముందు ఎన్నడు లేకుండె. మంచంల కూసొని ఏడ్చుకుంట అసలు సంగతి చెప్తే అత్తమ్మ "సూసినవా పిల్లా, గోలీలు మానితే ఏమైతదో" అన్నది. నిజమే కావచ్చనుకున్న. మళ్ల మింగుడు మొదలుపెట్టిన. మింగితే కాళ్లు గుంజుడు, మింగకుంటే మంట. బావిల పడ్డ మేక లెక్క అయింది నా గతి.

నెల నెల మందులు మా ఆయనే తెచ్చేది. ఓనాడు ఆయన ప్లాట్ల పని మీద కొంపల్లి దిక్కు పోయిండని నేనే పోయిన. చాచాను అప్పటిదాక దూరంకెల్లి చూసుడే. సన్నగ, తెల్లంగి, కండ్లద్దాలకు దారం కట్టుకుంటుండె. చదువు రానోళ్లకు మందుల కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ని, రాత్రికి చంద్రుణ్ని గీసి ఇచ్చేది. చీటి చూసి "గీ మందు ఎవరికి బేటీ?" అన్నడు. "నాకే" అన్న. చీటి చూసిండు, నన్ను చూసిండు. కౌంటరు దాటి బయటికొచ్చి స్టూలు ఏసి కూసోమన్నడు.

"ఏమైతాంది నీకు?"

"చీటిల ఉన్నది కద చాచా."

"చీటికి నోరు ఉండదు బేటీ. నువ్వు చెప్పు."

నమ్ముతరో లేదో, రెండేండ్లల్ల నన్ను నన్నుగ అడిగిన మొదటి మనిషి ఆయన. నాకు ఏడుపొచ్చింది. ఎనక నిలబడ్డోళ్లకు "జరా సబర్ కరో" అని చెయ్యి చూపిచ్చిండు. నేను మొత్తం చెప్పిన. పిక్కలు, తల తిరుగుడు, బంద్ పెడితే లేచిన మంట, తలుపు ఎనక ముచ్చట సుత. నడుమ ఒక్క మాట అనకుండ ఇన్నడు.

"డోసు పెద్దది" అన్నడు. "పెద్ద డోసు రాసుడు తప్పు కాదు, అవసరముంటే రాస్తరు. ఎన్ని రోజులకు అని అడగాలె. రెండేండ్లాయె, మళ్ల ఒక్కసారన్న నిన్ను చూడాలె కద? ఇగ ఆ మంటంటవా, ఇన్ని రోజులు ఏసుకున్న మందు ఒక్కపారే ఇడిస్తే కడుపు ఎదురు తిరుగుతది. రోగం పెరిగిందని కాదు. మందు లోపలికి పోవుడు ఆసాన్, బయటికి తెచ్చుడే ముష్కిల్."

"అయితే సగం ఏసుకోనా?"

"వద్దొద్దు. అది నేను చెప్పేది కాదు, డాక్టర్ సాబ్ చెప్పాలె. నీ ముచ్చట ఆయనకు ముట్టలే. గదీ అసలు సంగతి."

"నాతోని కాదు చాచా. నువ్వే అడుగు. నీ కాళ్లు మొక్కుత" అన్న.

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమైతది. ఆ షట్టరు ఎవరిది? మాది. ఆయన గిరాకీకి చీటీలు రాసేది ఎవరు? మా బావ. నాకు గివన్నీ ఎరుకనే. ఆయన అద్దాలు తీసి అంగి కొసకు తుడుచుకున్నడు. మళ్ల పెట్టుకొని, చీటి మడిచి, మెట్లెక్కిండు. నేను కింద స్టూలు మీద కూసున్న. పైన తలుపు తెరిచే ఉన్నది, అన్నీ ఇనబడుతున్నయి. "డాక్టర్ సాబ్, మీకు చెప్పేటంత పెద్దోణ్ని కాను. ఈ డోసు రెండేండ్ల సంది నడుస్తాంది. ఆ బేటీని ఒక్కసారి మీరే అడుగుండ్రి" అన్నడు. పైన కూసున్న పేషెంట్లందరు ఇన్నరు. బావ గొంతు లేచింది. "నీ పనేంది? అమ్ముకునుడు. అమ్ముకో పో. డాక్టరీ నాకు నేర్పకు."

చాచా దిగొచ్చి "అడిగిన బేటీ" అన్నడు, అంతే. వారానికి సరిపోయేటన్ని గోలీలే కత్తిరించి కవర్ల పెట్టిండు.

నెల తిరగలే, ఆ షట్టర్ల రక్తపరీక్షల ల్యాబు పెడ్తమని ఖాలీ చెయ్యమన్నరు. నేను డాబ మీద బట్టలు ఆరేసుకుంట చూసిన. అద్దాల అల్మారలు ఒక్కొక్కటి ట్రాలీ ఆటోల ఎక్కిస్తున్నరు. చాచా దగ్గరుండి గోనెసంచులు అడ్డం పెట్టిస్తున్నడు, అద్దాలు పలుగకుండ. ఒక్కపారి తలెత్తి పైకి చూసిండు. నేను చీర ఎనకకు జరిగిన. ఆ రోజు ఇంట్ల అందరు అన్నం తిన్నరు, టీవీ చూసిండ్రు, ఒక్కలు ఆయన పేరెత్తలే. నేను సుత ఎత్తలే.

వారం దినాలు ఆగిన. నిద్ర పడతలేదు, తిండి పోతలేదు. ఎనిమిదో రోజు అత్తమ్మకు చెప్పకుండ దవాఖాన మెట్లెక్కి కంపౌండరుకు నా పేరు రాయించిన. ఆయన బెదిరిపోయి "వదినమ్మా, లోపలికి పోరాదు" అన్నడు. "లైన్ల వస్త" అన్న. నా వంతు వచ్చినంక పోయి పేషెంట్ల స్టూలు మీద కూసున్న. బావ నన్ను చూసి టేబులు దిక్కు చూసుకున్నడు. కొంగు గట్టిగ పట్టుకొని మొత్తం చెప్పిన.

"పిక్కలు ఎప్పటిసంది గుంజుతున్నయి?" అన్నడు.

"రెండేండ్ల సంది."

"నాకెవ్వరు చెప్పలే."

"చెప్పిన బావా. తలుపు ఎనకనుంచి చెప్పిన."

ఆయన పెన్ను కింద పెట్టిండు. పాపం, మొఖం ఎర్రగైంది. రక్తపరీక్షలు రాసిండు. కొన్ని నెలలల్ల మెల్లగ దించుదామన్నడు. నడుమల మంట లేస్తది, భయపడొద్దు, నువ్వే వచ్చి చెప్పాలె అన్నడు. చాచా అన్నదే ఆయన నోట్లెకెల్లి వచ్చింది. అట్లనే దించుకుంట వచ్చినం. కష్టపడ్డ, గని ఆ ఏడాది తిరిగేవరకు గోలి ఇడిచిన. పిక్కలు సుత అలకగైనయి.

అయితే ఆ రోజు స్టూలు మీద కూసున్నప్పుడు ఇంకో మాట నా నోటిదాక వచ్చింది. "చాచా షాపు తియ్యకుండ్రి, ఆయన్ని పంపింది నేనే" అని. మింగిన. నా కడుపు గురించి ఇంత నోరు తెరిచినదాన్ని, ఆయన గురించి తెరవలే.

చాచా శామీర్‌పేట బస్టాండ్ కాడ చిన్న షట్టరు పెట్టుకున్నడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయేదాన్ని, జ్వరం గోలి కావాలనో, దగ్గు మందు కావాలనో. చూసిన కాడికెల్లి "మంట ఎట్లున్నది బేటీ?" అనేటోడు. షాపు ముచ్చట తీద్దామంటే ఆయన తియ్యనిచ్చేటోడు కాదు. "ఇక్కడ ఇల్లు దగ్గర. పగటీలి ఇంటికి పోయి వేడి వేడిగ తింటున్న. మేడ్చల్ల ఏమున్నది, దుమ్ము" అని నవ్వేటోడు. నేను సుత నవ్వి వచ్చేదాన్ని. ఎప్పటికన్న చెప్దామనుకుంట గిన్నేండ్లు గడిపిన.

నిన్న వాళ్లింటికి పోయిన. చాచీ లోపలి అర్రల చాప మీద కూసొని ఉన్నది. నేను మేడ్చల్ డాక్టర్ గారి మరదలినని చెప్పంగనే నా చెయ్యి పట్టుకున్నది. "డాక్టర్ సాబ్ మంచిగున్నడా? మా ఆయన ఆయన్ని మస్తు మెచ్చుకునేటోడు. ల్యాబు కోసం షట్టరు అడిగితే మనమే సంతోషంగ ఇచ్చినం అనేటోడు. గందుకే నేను ప్రతి రంజాన్‌కు మీ ఇంటికి షీర్ ఖుర్మా పంపేది. ముట్టేదా?"

ముట్టేది. ప్రతి ఏడు ముట్టేది. మేమందరం తిన్నం. నేను రెండు కటోరలు తినేదాన్ని. ఆయన ఇంట్ల సుత నా పేరు రానియ్యలేదని నాకప్పుడు తెలిసింది.

ఇగ ఆగలే. అంతా చెప్పిన. చీటి ముచ్చట, మెట్లెక్కి అడగమని పంపింది నేనేనని, షాపు గందుకే పోయిందని, నేను డాబ మీద చీర ఎనక దాసుకున్ననని. చాచీ నా చెయ్యి ఇడిచిపెట్టింది. గోడ దిక్కు తిరిగి కూసున్నది.

"మంట తగ్గిందా మరి?" అన్నది.

"తగ్గింది చాచీ. ఇప్పుడు ఏం లేదు."

చాచీ మోకాళ్ల మీద చేతులానిచ్చి లేచింది. లోపలికి పోయి పళ్లెంల బగారా అన్నం, దాల్చా పెట్టుకొని వచ్చి నా ముంగట పెట్టింది. "తిను" అన్నది. దాల్చా మస్తు పుల్లగ, మస్తు కారంగ ఉన్నది. నేను కండ్లు తుడుచుకుంట తింటున్న. మాఫ్ చేసిన అని ఆమె అనలే, చెయ్యను అని సుత అనలే. నా ఎదురుంగ కూసొని ప్రతి ముద్దకు నా మొఖం దిక్కే చూస్తాంది, మంట లేస్తాందేమో అని.