రెండో అధ్యాయం దగ్గరే ఆగిపోయాం

డిసెంబరు ఒకటో తారీకు నుంచి ఇరవై నాలుగో తారీకు దాకా రోజుకొక అధ్యాయం. మేం చదవాల్సిన సువార్తలో సరిగ్గా ఇరవై నాలుగు అధ్యాయాలే ఉన్నాయి కాబట్టి లెక్క కుదిరింది. పండగకని ఇంటికి సున్నం కొడతాం, కొత్త బట్టలు కుట్టిస్తాం, మరి మనసు సంగతేమిటని మా పాస్టరు గారు నవంబరు చివరి ఆదివారం అడిగారు. అడిగి ఊరుకోకుండా ఆడవాళ్ళ చేత బైబిలు చదివించే పని నాకు అప్పగించారు. నేను బట్టలు కుట్టేదాన్ని. కొలత తీసుకోవడం, గీత గీయడం, గీత మీద కత్తెర నడపడం నాకు తెలిసిన విద్య. గోడ క్యాలెండరులో గడికొక అధ్యాయం రాసుకోగానే మనసు సగం సిద్ధమైపోయిందనే అనుకున్నాను.

మా ఇల్లు కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డు పక్కన. మధ్యాహ్నం మూడింటికి వరండాలో చాప పరిచేదాన్ని. చేపలమ్ముకుని వచ్చినవాళ్ళు, కంపెనీ క్యాంటీన్లో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు, నాతో కలిపి ఏడుగురం. ఎనిమిదో మనిషి మా అత్త. ఆమెకు చదువు రాదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని వినేది. నిద్రపోతోందేమోనని మొదటిరోజు నేను రెండుసార్లు గొంతు పెంచాను కూడా.

రెండోరోజు యేసు పుట్టిన భాగం చదివాను. పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి, అన్నీ ప్రతి ఏడూ వినేవే. పేజీ తిప్పబోతుంటే అత్త కళ్ళు తెరవకుండానే అడిగింది.

"మరియమ్మకు అది తొలికాన్పు గదా?"

"అవునత్తా."

"తొలికాన్పు పుట్టింట్లో గదా జరగాల. వాళ్ళమ్మ యాడికి పోయింది?"

నేను రాయలేదన్నాను. "రాయకపోతే, తల్లి లేకుండా పుడతారా ఎవురన్నా?" అంది. అంతే, చాప మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి సర్దుకున్నారు. బాలింతకు కాయం మందు ఎవరు చేసి పెట్టారు, నీళ్ళెవరు కాచారు, బొడ్డు ఎవరు కోశారు. చేపలమ్మే అక్క ఒకామె నా చేతిలోని బైబిలు వైపు వేలు చూపించింది.

"బిడ్డను ఆమే చుట్టిందని చదివినావు గదమ్మా. యాడన్నా కన్నతల్లే చుడుతుందా? ఒళ్ళు తెలీకుండా పడుండే మనిషి. చుట్టేదానికి ఇంకో చెయ్యి లేదన్నమాట ఆడ."

మళ్ళీ చదివి చూశాను. నిజమే, కన్నదీ ఆమే, చుట్టిందీ ఆమే, పడుకోబెట్టిందీ ఆమే. ఇన్నేళ్ళుగా ఈ వాక్యం చదువుతున్నా, కుట్టుపని మనిషిని కదా, గుడ్డ ఏ రకమైందోనని ఆలోచించానే తప్ప చుట్టిన చేతుల మీదికి నా చూపు పోలేదు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నాకు తట్టకపోవడం సిగ్గనిపించింది.

ఇక నాకు కుదురు లేదు. ఏదైనా తెలియదంటే తెలిసేదాకా నిద్రపట్టని రకాన్ని నేను. ఊళ్ళో ఎవరింటికి ఏ చుట్టం ఎందుకొచ్చాడో కూడా ఆరా తీస్తానని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. వెనక్కి పోయి మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. గర్భంతో ఉన్న పిల్ల, చుట్టాలావిడ ఇంట్లో మూడు నెలలుండి తన ఇంటికి తిరిగొచ్చింది. అప్పటికింకా కాపురానికి పోలేదు కాబట్టి తన ఇల్లంటే అమ్మగారిల్లే అయ్యుండాలి. అంటే అమ్మ ఉంది. ఆ తర్వాత జనాభా లెక్కలని మొగుడితో ప్రయాణమై పోయింది. మరి నిండు చూలాలిని అమ్మ ఎలా పంపింది?

పాస్టరు గారిని అడిగితే, "రక్షణకు అవసరమైనవన్నీ రాసున్నాయమ్మా, మిగతావి దేవుడికే వదిలేద్దాం" అన్నారు. ఆయనకు పెళ్ళి కాలేదు, కాన్పుల సంగతి ఆయన్ని అడగడం నాదే తప్పు. పండగ జాకెట్లకు లేసు కావాల్సి గూడూరు పోయినప్పుడు, ఎప్పుడూ కొనే కొట్టులో ఉండే బీబీని కూడా అడిగాను. ఆమె మీటరు బద్ద పక్కన పెట్టి ఇష్టంగా చెప్పింది.

"మా దాంట్లో మర్యం బీబీ వాళ్ళమ్మ ఉండాదక్కా. కడుపులో ఉండంగానే బిడ్డను అల్లాకు మొక్కుకునింది. కాన్పప్పుడు మాత్రం మర్యం బీబీ ఒక్కతే. ఖర్జూరం మాను పట్టుకుని నొప్పులు పడింది."

"అప్పుడు వాళ్ళమ్మ యాడుండింది?"

"అది నాకు తెలీదక్కా. మా అమ్మను అడిగి చెప్తా."

ఇంటికొచ్చి ఇదంతా అత్తకు చెప్పాను. విన్నది. విని, "అయితే ఆ రెండు పుస్తకాల్లోనూ ఆ పిల్ల ఒక్కతేనన్నమాట" అని ముఖం గోడవైపు తిప్పుకుంది. మరుసటి రోజు మూడో అధ్యాయం తీయబోతే మళ్ళీ అదే ప్రశ్న. ఆ తర్వాతి రోజూ అదే. పదో తారీకుకు పదో అధ్యాయంలో ఉండాల్సిన మేం రెండో అధ్యాయంలోనే కొట్టుకుంటున్నాం. నాకు ఒళ్ళు మండేది. క్యాలెండరు గళ్ళు నన్ను చూసి నవ్వుతున్నట్టుండేవి.

పదకొండో తారీకున, సత్రంలో చోటు లేదన్న మాట దగ్గరికి రాగానే అత్త కళ్ళు తెరిచింది.

"సత్రంలో చోటు లేదని ఎవురు చెప్పినారు? ఆ పిల్ల చెప్పిందా?"

అందరూ నవ్వారు. మా వైపు దొరవారిసత్రాన్ని ఉత్త సత్రమనే అంటాం, బస్సు కండక్టర్లు కూడా అలాగే కేకేస్తారు. "నాయుడుపేట దాటినాక వొచ్చే సత్రం కాదులేవ్వా, అది వేరే దేశం" అని క్యాంటీన్ పిల్ల నవ్వుతూ సర్దిచెప్పింది. అత్త నవ్వలేదు. నేను సగం నవ్వి ఆగిపోయాను. మా ఆడబిడ్డ ఉండేది దొరవారిసత్రంలో.

ఆమె మా ఆయన చెల్లెలు. పాలిటెక్నిక్ చదివేటప్పుడు పరిచయమైన హిందువుల అబ్బాయిని చేసుకుంది. పెళ్ళికి అత్త పోలేదు. అయినా కోపం నెమ్మదిగా చల్లారుతోందనే అనుకున్నాం. ఏడో నెల రాగానే పుట్టింటికి తీసుకురావాలా వద్దా అన్న మాట వచ్చింది. అప్పుడు అత్త, "బొట్టు తీసేసి వస్తేనే నా గడప తొక్కమను" అంది. ఆమెకు ఫోన్ చేయడం రాదు. చేసింది నేను. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పినా సరిపోయేది. నేను దానికి ఇంకాస్త కారం పూసి, "మీ అమ్మను ఇంకా ఎంతమందిలో తలొంచుకోమంటావు" అని కూడా అన్నాను. అవతల నుంచి జవాబు వచ్చేలోపు పెట్టేశాను. ఆ తర్వాత ఫోన్ రెండుసార్లు మోగింది. మిషను మీద జాకెట్టుంది, మనసులో కోపముంది, ఎత్తలేదు. అత్తకు చెప్పనూ లేదు. ప్రపంచంలో ప్రతిదాని గురించీ ఆరా తీసే నాకు, ఆ ఫోన్ ఎందుకు మోగిందో తెలుసుకోవాలని ఐదేళ్ళలో ఒక్కసారీ అనిపించలేదు.

ఆడబిడ్డకు అత్తగారు లేరు. కాన్పు ఆ ఊళ్ళోనే జరిగిందని, ఆడపిల్లని తర్వాత తెలిసింది. మా ఆయన అప్పుడప్పుడు పోయి చూసొస్తాడు. అత్త మనవరాలిని ఫోన్లో ఫోటోగా తప్ప చూడలేదు.

ఆ సాయంత్రం అందరూ పోయాక చాప చుడుతూ అడిగేశాను. "అత్తా, నువ్వు అడిగేది మరియమ్మ గురించా, నీ కూతురు గురించా?"

"ఇద్దురి గురించీ కాదు," అంది అత్త. "వాళ్ళమ్మ గురించి. రాయలేదంటే పోలేదనేగా. ఆ మడిసి తర్వాతన్నా పోయిందా, లేదా? పోతే ఆ పిల్ల లోపలికి రానిచ్చిందా? అది తెలిస్తే నాకు చాలు. మిగిలిన అధ్యాయాలన్నీ నువ్వే చదువుకో."

ఆమె భయం అప్పుడు తెలిసింది నాకు. డెబ్బై దాటిన మనిషి, గడప దగ్గర కూతురు తలుపేసుకుంటే ఆ తర్వాత బతకడం ఎలాగన్న భయం. దానికి జవాబు ఏ పేజీలోనూ లేదు. "పోయి చూద్దాం రా" అన్నాను. వారం రోజులు రేపు మాపు అంది. ఇరవయ్యో తారీకు పొద్దున తనే తల దువ్వుకుని, కొప్పు వేసుకుని వరండాలో కూర్చుంది.

గూడూరులో బస్సు మారాం. చిల్లకూరు దాటాక అత్త కొప్పు సర్దుకుంది. తర్వాత, "బొట్టు గురించి ఏమీ అనగూడదు" అంది. నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో.

తలుపు తీసింది ఆడబిడ్డే. నుదుట బొట్టుంది. వెనకాల చీర కుచ్చిళ్ళు పట్టుకుని నాలుగేళ్ళ పిల్ల. అత్త చెప్పులు విప్పలేదు, రమ్మంటేనే విప్పుదామని.

"తప్పు నాదేమే," అంది అత్త. "నీకాడికి రావాల్సినదాన్ని. రాలేదు."

ఆడబిడ్డ కళ్ళలో నీళ్ళు నిండాయి. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పుడు నావైపు తిరిగింది.

"ఆ పొద్దు నువ్వు ఫోన్ పెట్టేసినాక నేను మళ్ళీ చేసినా వదినా. రెండుసార్లు చేసినా. బొట్టు తీసేసి వస్తానని అమ్మకు చెప్పమందామనే చేసినా. ఎత్తలేదు నువ్వు."

అత్త తల తిప్పి నన్ను చూసింది. ఐదేళ్ళుగా ఆమె మోసిన తప్పులో పెద్ద భాగం నాదని ఆమెకు అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది. మిషను చప్పుడుకు వినపడలేదని చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మోగింది," అన్నాను. "కోపంతో ఎత్తలేదు. మీ అమ్మకు చెప్పలేదు కూడా. క్షమించమ్మా."

ఆడబిడ్డ వంటింట్లోకి పోయింది. ఆ పిల్ల వచ్చి అత్త మోకాలి దగ్గర నిలబడి, "నువ్వు మా మామ ఫోన్లో ఉండే అవ్వ గదా" అంది. అత్త దాన్ని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ వయసులో అంత బరువు ఎత్తకూడదని చెప్పే హక్కు నాకు ఆ రోజు లేదనిపించి ఊరుకున్నాను.

కాసేపటికి ఆడబిడ్డ అన్నానికి పిలిచింది. మట్టగిడస చేపల పులుసు చేసింది. నేల మీద మూడు పళ్ళేలు పెట్టింది. తల్లికి వడ్డించింది. బిడ్డకు కలిపి పెట్టింది. తర్వాత గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి పోయింది. నా ముందు పళ్ళెం ఉత్తదే. అత్త తినకుండా ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాకు లేచిపోవాలనిపించలేదు, నేనే వడ్డించుకోవాలనీ అనిపించలేదు. జీవితంలో మొదటిసారి ఏమీ అడగకుండా, ఏమీ ఆరా తీయకుండా, ఆ ఉత్త పళ్ళెం ముందు కూర్చుని ఎదురుచూశాను.

ఆమె ముఖం కడుక్కుని వచ్చింది. నా పళ్ళెంలో అన్నం పెట్టి, పులుసు పోసి, నా పక్కనే చతికిలబడింది.

"ఉప్పు చూసి చెప్పు వదినా," అంది.