మైదానం ఎవరిదని ఓటు పెట్టినప్పుడు

2022 ఆగస్టులో అబుదాబి శివారు ముసఫ్ఫాలోని ఒక అమెరికన్ సిలబస్ పాఠశాలలో పదకొండో తరగతికి ‘అమెరికా ప్రభుత్వం’ అనే సబ్జెక్టు చెప్పడానికి చేరాను. అప్పటిదాకా చరిత్ర బోధించిన నాకు అది కొత్త. పిల్లల్లో అమెరికన్లు ఒక్కరూ లేరు. అందుకని పుస్తకం పక్కన పెట్టి తరగతిని రెండు పక్షాలు చేశాను. అసమానతలు సరిదిద్దడానికి ప్రభుత్వం కల్పించుకోవాలనేవారు లిబరల్స్. ప్రభుత్వం చేతిలో అధికారం ఎంత తక్కువ ఉంటే అంత మంచిదనేవారు కన్సర్వేటివ్స్. నిజానికి వ్యవహారం ఇంతకన్నా చిక్కైనదని ముందే చెప్పాను.

కన్సర్వేటివ్ పక్షం నాయకుడు సాయికిరణ్. జగిత్యాల కుర్రాడు, తండ్రి దగ్గర్లోని ఐకాడ్ పారిశ్రామికవాడలో క్రేన్ ఫోర్‌మన్, బడి క్రికెట్ జట్టుకు కెప్టెన్ కూడా అతనే. ఎదుటి పక్షంలో గట్టి గొంతు మెర్సీది. భీమవరం నుంచి వచ్చిన ఒక నర్సు కూతురు, ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును నడిపేది.

చలికాలం మొదలవగానే, తరగతుల ప్రతినిధులుండే విద్యార్థి మండలి సాయంత్రాలు మైదానం క్రికెట్‌కే అని ఓటుతో తేల్చేసింది. మండలిలో మగపిల్లలే ఎక్కువ. సాధన లేని జట్టును అంతర పాఠశాలల పోటీలకు పంపేది లేదని వ్యాయామ ఉపాధ్యాయురాలు చెప్పేసింది.

మెర్సీ స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. “ఎప్పుడు ఓటు పెట్టినా వాళ్లే గెలుస్తారండి సార్. ఇదేనాండి మీరు చెప్పిన డెమోక్రసీ?”

ప్రిన్సిపాల్‌తో ఒక్క మాట అంటే పని అయిపోయేది. నేను అనలేదు. మెజారిటీ కూడా ముట్టుకోకూడని హక్కులను అమెరికావాళ్లు రాజ్యాంగానికి సవరణలుగా ఎందుకు చేర్చుకున్నారో చదివి రమ్మన్నాను. చదివి, మండలి నియమావళికి తనే ఒక సవరణ రాసి తెచ్చింది: బడి సదుపాయాల్లో ఏ విద్యార్థి వాటానూ ఓటుతో తీసేయకూడదు. సవరణ నెగ్గాలంటే మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అమ్మాయిలంతా ఒక్కటైనా చాలదు.

సభలో పరిశీలకుడిగా వెనక కూర్చున్నాను. మెర్సీ మాట్లాడాక కొందరు అబ్బాయిలు నవ్వారు. అంతలో సాయికిరణ్ లేచాడు. ఖలాస్, సవరణ పోయిందనుకున్నాను.

అతను మాత్రం, మండలికి ఇంత అధికారం ఉండకూడదని తరగతిలో రోజూ వాదిస్తున్నది తనేనని గుర్తు చేశాడు. ఇవాళ అమ్మాయిల మైదానం లాక్కున్న మండలి రేపు ఇంకొకరి కోసం క్రికెట్‌దీ లాక్కుంటుందన్నాడు. తన ఓటు సవరణకే అని కూర్చున్నాడు. చేతులు ఒక్కటొక్కటిగా లేచాయి. అధ్యక్షురాలు నమ్మలేక రెండోసారి లెక్కపెట్టి, నెగ్గిందని ప్రకటించింది. అమ్మాయిలు బల్లలు చరిచిన చప్పుడుకు పక్క గది టీచరు పరుగెత్తుకొచ్చింది.

బయట జట్టువాళ్లు సాయికిరణ్‌ను నిలదీశారు. “గ్రౌండ్ ఇచ్చుడు నాక్కూడ ఇష్టం లేదురా. గని క్లాసుల ఒకటి చెప్పి, ఈడ ఇంకోటి చెయ్యాల్నా?” అన్నాడు.

వారంలో రెండు సాయంత్రాలు అమ్మాయిలకు దక్కాయి. ఆ ఏడాది వాళ్లు కప్పు గెలిచి తెచ్చారు. ఫైనల్లో గొంతు పోయేలా అరిచింది క్రికెట్ జట్టే.

రిటైరయ్యేదాకా ఆ పాఠాన్ని నేను మళ్లీ నిర్వచనాలతో మొదలుపెట్టలేదు. ముందు తరగతిలో ఏదో ఒక విషయం మీద ఓటు పెట్టించి, ఓడినవాళ్లను మొదట మాట్లాడమనేవాణ్ణి. ప్రజాస్వామ్యం గురించి అడగాల్సిన ప్రశ్నలు వాళ్లే అడిగేవారు.