కరెంటు పోతే మొదట ఏం చేయాలి?

మొన్న కదిరిలో కొత్తగా పెట్టిన ఉమ్మడి వర్క్‌షాపుకు పోయి, మా పక్కింటాయన విత్తనం గొర్రుకు వేసే ఇనుప పట్టీకి నాలుగు బెజ్జాలు వేసుకొద్దామనుకుంటే, ముందు రెండు గంటల శిక్షణ, ఆ తర్వాత పరీక్ష, అందులో పాసైతేనే కార్డు, కార్డుంటేనే మిషను అన్నారు. నా ఈడు వాళ్ళెవరికైనా ఈ మాట వింటే ఒళ్ళు మండదా చెప్పండి! చప్పుడు విని డ్రిల్లింగు బిట్టు పదును పోయిందో లేదో చెప్పగలిగినవాడిని, మనవరాలి వయసున్న పిల్ల ముందు బెంచీ మీద కూర్చుని, తువ్వాలు తీసేయమంటే తీసేసి, చెప్పులు పనికిరావంటే ఎవరివో బూట్లు తొడుక్కుని, కళ్ళద్దాలు తగిలించుకుని రెండు గంటలు పళ్ళు బిగబట్టి విన్నాను. పడిన వాన పదును ఆరిపోతోంది, విత్తనం వేసేవాడు ఇంటి దగ్గర కాచుకుని ఉన్నాడు, ఈ అమ్మాయేమో మిషను దగ్గర ఎలా నిలబడాలో నాకు బొమ్మలు గీసి చూపిస్తోంది!

తీరా పరీక్షలో ఒక్క ప్రశ్న తప్పింది. పని మధ్యలో కరెంటు పోతే మొదట ఏం చేయాలని అడిగారు. టీకి పోవాలి, స్విచ్చి మాత్రం ఆన్‌లోనే ఉంచాలి, అలాగైతేనే కరెంటు వచ్చింది తెలుస్తుందని రాశాను. ఆ అమ్మాయి చదివి నవ్వలేదు సరికదా, "తాతా, ఈ ఒక్కటి తప్పు రాస్తే కార్డు ఇచ్చేకి లేదు. రేపు మళ్లా రాప్పా," అంది.

బస్సులో దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చాను. నేను రాసినదాంట్లో తప్పేముంది? గోరంట్లలో మా నాయన ఇనుప పనుల షెడ్డులో అందరం అదే చేసేవాళ్ళం. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియని రోజులవి. స్విచ్చి అలాగే వదిలేసి ఎదురుగా ఉన్న టీ అంగడిలో కూర్చుంటే, మిషను గిర్రున తిరిగిన చప్పుడే మాకు పిలుపు. ఇక శిక్షణంటారా, నాయన దగ్గర ఉన్నది ఒక్కటే మాట, చూసుకో. కొత్త మిషను వచ్చినా చూసుకో, పెద్ద ఇనుము ఎత్తినా చూసుకో. ఏం చూసుకోవాలో మాత్రం ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను డ్రిల్లింగు మిషను మీద పనిలో ఉండగా కరెంటు పోయింది. ఎప్పటిలాగే వదిలేసి టీకి పోయాను. మిషను ఖాళీగా ఉంది కదా అని మా అన్న బిట్టుకు చుట్టుకున్న ఇనుప పొట్టును చేత్తో లాగుతున్నాడు. అంతలో కరెంటు వచ్చింది. నేను గ్లాసు పడేసి పరుగెత్తేసరికి అన్న కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. నాయన ఆ చేతికి తువ్వాలు చుడుతూ ఏడుస్తూనే అరిచాడు, "చూసుకోవద్దా రా!" ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళూ అదే అన్నారు. చివరికి అన్న కూడా తానే చూసుకోలేదని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను పక్కనే ఉండి తలూపాను. సిగ్గులేని పని ఇంకొకటి చెబుతాను, ఆ తర్వాత కూడా మేము స్విచ్చి ఆపలేదు.

ఇనుము అరగదీసే ఆకురాయి పట్టలేని చేతితో అన్న ఇక షెడ్డుకు రాలేదు. చిలమత్తూరులో చిన్న అంగడి పెట్టుకున్నాడు.

మర్నాడు పోయి, మొదట స్విచ్చి ఆపాలి అని రాసి కార్డు తెచ్చుకున్నాను, బెజ్జాలూ వేసుకున్నాను. సాయంత్రం అన్నకు ఫోను చేసి, పరీక్ష తప్పిన సంగతి, ఆ ప్రశ్న, దాని జవాబు అన్నీ చెప్పాను. ఆ జవాబు ఇంకోసారి చెప్పమన్నాడు, చెప్పాను.

"అయితే ఆ పొద్దు తప్పు నాది కాదేమిరా?"

"కాదన్నా. నాది."

ఇప్పుడైతే ప్రమాదం జరిగితే స్విచ్చి ఎందుకు ఆపలేదని అడుగుతారట, దానికొక కాగితం కూడా ఉందట. మా రోజుల్లో దెబ్బ తగిలినవాడినే అడిగేవాళ్ళం. మన కాలమే బాగుండేదని నలుగురిలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాట అన్నప్పుడల్లా అన్న నా పక్కనే కూర్చుని, కుడిచేతిని తువ్వాలు కింద పెట్టుకుని, అవును అనేవాడు.